ఎనిమిది అనుకుంటే ఐదే వచ్చాయి: ఒక పాత మేడ పని డైరీ

1వ వారం

టేపు పట్టుకుని నాలుగు రోజులు తిరిగాం. చూడ్డానికి ఇల్లు తేలికే. నడుమ మెట్లు, మెట్లకు అటొక పెద్ద హాలు, ఇటొక పెద్ద హాలు, ఒక్కో హాలు వెనక ఒక్కో గది. పై అంతస్తూ అచ్చం అంతే. దానిపైన వెనక సగం మేర మాత్రం ఒక మేడగది. ఇంటావిడ నా చేతిలో పెట్టిన కాగితం మీద ఇల్లు ఇంకా తేలిక: అంతస్తుకి నాలుగు చొప్పున ఎనిమిది గళ్లు, గడికో ఫ్లాటు, మేడగది స్టోరు. ఆవిడ తాతగారు కట్టించిన ఇల్లట. "ఎనిమిది వస్తాయి కదమ్మాయ్?" అన్నారు. గీసి చూద్దామండీ అన్నాను. ఆ రోజు అవునని తలూపనందుకు ఇప్పుడు సంతోషిస్తున్నా.

గదులేవీ మూలమట్టంలో లేవు. పాత ఇంట్లో పొడవు వెడల్పులు రాసుకుని ఊరుకుంటే మోసపోతాం, ఐమూలగా కూడా కొలవాలి. ఎడమ హాలులో రెండు ఐమూలలకీ 7 సెంటీమీటర్ల తేడా వచ్చింది. ఆ తేడా ఇప్పుడు దొరక్కపోతే, టైల్సు పరిచే రోజున గోడవారన కోతముక్కల రూపంలో దొరుకుతుంది.

గోడల మందం మాత్రం ముచ్చటగా ఉంది. కింద 18 అంగుళాలు, పై అంతస్తులో పదమూడున్నర, మేడగదికి 9. అంతస్తుకి సగం ఇటుక చొప్పున సన్నబడుతూ పోయింది. ఆ తగ్గిన నాలుగున్నర అంగుళాలూ లోపలివైపు అరుగులా మిగిలాయి, దూలాల చివర్లు వాటి మీదే కూర్చున్నాయి. బరువు దించుకునే చోటు గోడలోనే ఉంది. దీన్నిబట్టి నాకు తెలిసిందొకటే: దూలాలు పక్కగోడ నుంచి మెట్లగోడకి అడ్డంగా పోతున్నాయి, ముందునుంచి వెనక్కి కాదు. ఈ సంగతి ఐదో వారంలో నా కొంప ముంచింది.

2, 3 వారాలు

మెట్ల కిటికీ పైన ఒక పగులు. కమాను నడినెత్తి మీద మొదలై, ఇటుకల వరసల వెంట మెట్లుమెట్లుగా పైకి పోయింది. పెద్దమేస్త్రి గారు చూసి, "ఇది పాతదే మేడమ్, లోపల దుమ్ము చూడండి" అన్నారు. నిజమే, పగులు లోపల సాలెగూడు, దానిమీద సున్నం పొడి. అయినా పాతదన్నంత మాత్రాన ఆగిపోయిందని కాదు. మూడుచోట్ల పగులుకి అడ్డంగా సన్న గాజుముక్కలు పెట్టి, అటూ ఇటూ ప్లాస్టర్ ముద్దతో అతికించి, పక్కనే పెన్సిలుతో తేదీ రాశాం. గాజు సాగదు, వంగదు. గోడ వెంట్రుకవాసి కదిలినా టప్పున పగిలిపోతుంది. బీటల మీద ఇంతకన్నా చవకైన కాపలాదారు లేడు.

రంగుల తవ్వకం కూడా ఈ వారమే. హాలు తలుపు మీద ఒక మూల, బొటనవేలి గోరంత మేర, సర్జికల్ బ్లేడుతో పొరపొరగా గీశాను. ఒక్కో పొరా కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోతే చిన్న మెట్లబావిలా కనిపిస్తుంది. పైన తెలుపు, కింద మరో తెలుపు, ఆసుపత్రి పచ్చ, గోధుమరంగు, మళ్లీ తెలుపు... మొత్తం తొమ్మిది. అన్నిటికన్నా అడుగున ముదురు నీలిపచ్చ. ఇంటావిడకి చూపిస్తే అద్దాలు తుడుచుకుని మరీ చూశారు. ఆవిడ ఎరిగిన పాతరంగు ఆ గోధుమరంగు వరకేనట.

ఒక హెచ్చరిక. పాత రంగుల్లో సీసం ఉంటుందనే అనుకుని పనిచేయాలి. పొడి ఇసుకకాగితంతో గీకించవద్దు, ఆ దుమ్ము పనివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి గీకాలి, పోగైన చెత్తని మూటకట్టి విడిగా పడేయాలి. మా కుర్రాడొకడు మాస్కు మెడలో వేసుకుని గీకుతుంటే పని ఆపించాను. రోజంతా మొహం ముడుచుకున్నాడు.

5వ వారం: పైపు వాలు

ఎనిమిది ఫ్లాట్ల ప్లాను చచ్చిపోయిన వారం ఇది. ఇలాంటి ఇల్లు విడగొట్టే పనిలో ఎవరైనా ఉంటే మొదట ఈ లెక్క వేసుకోండి, తర్వాతే గదులు గీయండి.

మురుగు దిగే నిలువు పైపు వెనకగోడకే పెట్టగలం. ముందు గోడ మీద పెడితే ఇంటి మొహం మీద పైపు దించినట్టే. అది ఇంటావిడా ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. ఎనిమిది ఫ్లాట్లంటే ముందు హాళ్లలో కూడా బాత్రూములు రావాలి. అక్కడి కమోడు నుంచి వెనకగోడకి 6 మీటర్లు. నాలుగంగుళాల పైపుకి 40కి 1 వాలు ఇస్తే, అంటే మీటరుకి రెండున్నర సెంటీమీటర్లు, ఆ చివరకి వచ్చేసరికి 15 సెంటీమీటర్లు దిగుతుంది. పైపు మందం 11 కలపండి. మొత్తం 26. మన దూలం ఎత్తు ఇరవై రెండున్నర. పైగా దూలాలు అడ్డంగా ఉన్నాయి, పైపు ముందునుంచి వెనక్కి పోవాలి. అంటే దారిలో వచ్చిన ప్రతి దూలాన్నీ కోసుకుంటూ పోవాలి.

పోనీ నేల ఎత్తుదామా? బాత్రూములోకి వెళ్లడానికి మెట్టున్నర ఎక్కాలి. కింది హాలు కప్పుకి వేలాడదీద్దామా? ఆ కప్పు చుట్టూ, గోడ కలిసేచోట, జానెడు వెడల్పు సున్నపు కార్నీసు, అంటే అలంకారపు అంచు, దానిలో ద్రాక్షతీగ. దాని పక్కన తెల్ల ప్లాస్టిక్ పైపు. వద్దు. మురుగుని నూరి పంపుతో తోసే టాయిలెట్లు ఉన్నాయి కదా అని ప్లంబరు గుర్తుచేశాడు. ఉన్నాయి. కరెంటు పోతే అవీ పోతాయి, రాత్రిపూట పక్కగదికి వినిపిస్తాయి, ఎవరైనా అందులో గుడ్డముక్క పడేస్తే ఇల్లంతా తెలుస్తుంది. ఐదారు కుటుంబాలు ఉండబోయే చోట అంత నమ్మకం నాకు లేదు.

కాబట్టి తడిపని అంతా వెనక గదుల్లోకే. అంతస్తుకి కుడొకటి, ఎడమొకటి. ముందు హాలు హాలుగానే ఉంటుంది, వెనక గదిలోనే పడకగది, వంటిల్లు, బాత్రూము. కింద రెండు, మొదటి అంతస్తులో రెండు, స్టోరు అనుకున్న మేడగది చిన్న ఫ్లాటు. దాని వంటిల్లూ వెనకగోడకే ఆనుకుంటుంది కాబట్టి అదే పైపు పైదాకా సాగితే చాలు. మొత్తం ఐదు. ఈ ఇంట్లో ఫ్లాట్లెన్నో తేల్చింది నేను కాదు, మీటరుకి రెండున్నర సెంటీమీటర్లు.

ఇంటావిడ రెండు రోజులు ఫోను ఎత్తలేదు. మూడో రోజు తనే వచ్చి, "మూడు తగ్గితే నాకు నష్టమేనమ్మా. కానీ హాలు కోయకపోతే బావుండునని నాకూ ఉంది" అన్నారు. ఆవిడకి పాత కట్టడాల పరిరక్షణకి అంతర్జాతీయంగా రాసుకున్న నియమావళి, 1964 వెనిస్ ఛార్టర్ గురించి చెప్పాలనిపించి ఊరుకున్నాను. పాత కట్టడాన్ని సమాజానికి పనికొచ్చేలా వాడుకోవడం మంచిదే, కానీ ఆ వాడుక దాని అమరికనీ అలంకరణనీ మార్చకూడదని అందులో ఐదో అధికరణం. ఫ్లాట్లు చేయడమంటేనే అమరిక మార్చడం. ఆ అధికరణం అక్షరాలా పాటిస్తే నేను ఇంటికి పోవాలి. నా మట్టుకు 1979లో ఆస్ట్రేలియావాళ్లు రాసుకున్న బుర్రా ఛార్టర్ పనికొస్తుంది: అవసరమైనంత మార్చు, వీలైనంత తక్కువ మార్చు. ఆ "అవసరమైనంత" ఎంతో చెప్పడానికే ఈ డైరీ అంతా.

8వ వారం: పలకలు ఎత్తాం

మొదటి అంతస్తు నేల పలకలు నంబర్లు వేసి ఎత్తించాను. ఎత్తిన పలకని ఎత్తినచోటే మళ్లీ పరచాలి. వందేళ్ల పైబడి ఒకదానితో ఒకటి ఒరుసుకుని కుదురుకున్నవి అవి, తారుమారైతే కిర్రుమనడం ఎప్పటికీ ఆగదు.

కింద రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి మంచిది, ఒకటి కాదు.

కానిది ముందు. ఎప్పుడో కరెంటు వైర్లు లాగినవాళ్లు గొట్టాల కోసం దూలాల నెత్తి మీద గాట్లు కోశారు. తొమ్మిదంగుళాల దూలంలో రెండంగుళాల గాటు. అదీ సరిగ్గా నడిమధ్య, వంపు బలం ఎక్కువగా పడేచోట. పోయింది రెండంగుళాలే కదా అనిపిస్తుంది. కానీ వంపుని తట్టుకునే బలం ఎత్తు వర్గాన్ని బట్టి ఉంటుంది: తొమ్మిదిలో ఏడు మిగిలితే, అక్కడ బలంలో 60 శాతమే మిగిలింది. గట్టిదనం ఎత్తు ఘనాన్ని బట్టి, అది సగం కన్నా తక్కువ. మధ్యలో నడిస్తే నేల ఎందుకు ఊగుతోందో అప్పుడు అర్థమైంది. గొట్టం పోవాలంటే దూలం ఎత్తులో సరిగ్గా నడుమ చిన్న గుండ్రటి రంధ్రం చేసుకోవాలి. అక్కడ చెక్క లాగుడుకీ నొక్కుడుకీ మధ్య ఖాళీగా ఉంటుంది. గాట్లు పడ్డ పదకొండు దూలాలకీ పక్కన జంట దూలాలు పెట్టి బోల్టులు బిగించాం.

వెనకగోడ మూలన ఒక దూలం చివర నల్లగా కనిపించింది. వడ్రంగి బాబాయ్ స్క్రూడ్రైవరు తీసి ఆనించాడు. గుచ్చలేదు, ఊరికే ఆనించాడంతే. పిడిదాకా దిగిపోయింది. లాగితే చివరన తడిసిన కాఫీపొడిలా ఏదో అంటుకుని వచ్చింది, పుట్టగొడుగు వాసన. పక్కనే రెండడుగుల అవతల అదే దూలం ఖణేల్ మంటోంది. తేమమీటరు గోడ దగ్గర 28 శాతం చూపింది, నడిమధ్యలో 13. చెక్కలో తేమ 20 దాటి నిలిస్తే బూజు పట్టడం మొదలవుతుంది. కుళ్లిన మేర కోసేసి, కొత్త చెక్క జతచేసి, రెండు పక్కలా ఉక్కు పట్టీలతో బోల్టులు వేశాం. గోడలో దాని గూటిని సిమెంటుతో నింపబోతుంటే ఆపాను. దూలం చివర చుట్టూ గాలి ఆడాలి. ఊపిరాడకే అది కుళ్లింది.

ఇక మంచిది. దూలాల మధ్య, కప్పుకీ పలకలకీ నడుమ, అడ్డపట్టీల మీద రెండంగుళాల మందాన ఇసుకా బొగ్గుబూడిదా పోసి ఉంది. కుర్రాళ్లు చెత్తనుకుని రెండు గంపలు కిందికి మోసేశారు కూడా. మళ్లీ పైకి మోయించాను, తిట్టుకున్నారు. అది చెత్త కాదు, పై గది చప్పుడు కింది గదిలోకి రాకుండా పాతవాళ్లు చేసిన ఏర్పాటు. గాలిలో వచ్చే శబ్దాన్ని ఆపేది బరువే. బరువు రెట్టింపైతే లెక్కప్రకారం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక చదరపు మీటరు మేర గోనెసంచిలోకి ఎత్తి తూస్తే 58 కిలోలు వచ్చింది. ఇంజనీరు మాత్రం, "మనుషులకీ సామానుకీ చదరపు మీటరుకి 200 కిలోలు లెక్కేస్తాం, దానిమీద ఇది కూడానా?" అన్నాడు. జంట దూలాల తర్వాత లెక్క మళ్లీ వేయించాను. నిలిచింది. ఇసుక నిలిచింది.

12వ వారం: నేను చేసిన తప్పు

కింది గోడల్లో నడుమెత్తు వరకూ చెమ్మ, పెచ్చులు. ఎవరో ఒకప్పుడు ఆ మేరకి సిమెంటు పూత వేశారు, చెమ్మ కనిపించకుండా. కనిపించకుండా పోయిందంతే. పోర్ట్‌లాండ్ సిమెంటుకి జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు తీసుకున్నది 1824లో. అప్పట్నుంచీ అది మంచి సరుకే, నాకు దానిమీద కోపం లేదు. మెత్తని ఇటుక, సున్నపు గార ఉన్న గోడ మీద మాత్రం అది ప్లాస్టిక్ చొక్కా. గోడలో చెమ్మ బయటికి పోయే దారి లేక పైకి ఎగబాకుతుంది, లేదా ఇటుకలోనే ఆరి అక్కడే ఉప్పు గడ్డకడుతుంది. ఉప్పు స్ఫటికాలు పెరిగేకొద్దీ ఇటుక మొహం పొడిపొడిగా రాలుతుంది. మేస్త్రి గారి మాటల్లో: "గార గోడకన్నా మెత్తగా ఉండాలి మేడమ్. పోతే గార పోవాలి, ఇటుక కాదు."

సిమెంటు కొట్టేశాం. గోడని నాలుగు వారాలు ఆరనిచ్చాం. తర్వాత సున్నపు పూత.

తప్పు ఇక్కడ. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల దగ్గర కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి సున్నం మిగులుతుంది. పూసిన తర్వాత గాలిలోంచి అదే వాయువుని మళ్లీ పీల్చుకుని రాయిగా మారుతుంది. అంటే దానికి గాలీ కావాలి, కాస్త తడీ కావాలి, అన్నిటికన్నా టైము కావాలి. ఇది నాకు తెలుసు. తెలిసీ, ప్లంబరు ఖాళీగా కూర్చున్నాడని, మొదటి పూత గట్టిపడకుండానే రెండోది వేయించాను. మేస్త్రి గారు గొణిగారు, నేను వినలేదు. పదో రోజుకి గోడంతా సాలెగూడు పగుళ్లు. వేలితో కొడితే డొల్లగా మోగింది. రెండు గోడలు పూర్తిగా రాల్చి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి తడిగోనెలు కప్పించి, మేస్త్రి గారు సరేననే దాకా రెండో పూత జోలికి పోలేదు. ఆయన గోరుతో గీకి చూసి సరేనన్నారు. నా షెడ్యూలు చార్టు కన్నా ఆ గోరు నయం.

15వ వారం

మెట్ల హాలులోంచి హాళ్లలోకి తెరుచుకునే తలుపులు నాలుగు ఎక్కువయ్యాయి. ఇటుకతో మూసి పూత పూసేయడం ఒక పద్ధతి. నేను తలుపుని మూసి తాళం వేసి ఉన్నచోటే ఉంచాను. ద్వారబంధం లోతు గోడ మందమంత. ఆ లోతులో, ఫ్లాటు వైపు, చట్రం కట్టి రాక్‌వూల్ అనే రాతిదూది కూరి రెండు పొరల జిప్సం బోర్డు బిగించాం. మెట్లవైపు చూస్తే తలుపు తలుపులాగే ఉంది. లోపల చూస్తే గోడలో ఒక గూడు, అరలు పెట్టుకోవచ్చు. రేపెవరైనా మళ్లీ ఒకే ఇల్లు చేసుకోవాలనుకుంటే ఒక స్క్రూడ్రైవరు, ఒక పూట.

19వ వారం: కార్నీసు దగ్గర

వెనక గదిలో పడకగదికీ వంటింటికీ మధ్య కొత్త గోడ కప్పుదాకా పోవాలి. రెండు కిటికీల మధ్య గోడమేర వచ్చేలా కుదిరింది, ఆ పుణ్యం కొంత నాది, కొంత కట్టినవాళ్లది. కిటికీ నడుమకి వచ్చి గుద్దుకున్న అడ్డుగోడ కన్నా అసహ్యమైనది నాకు తెలీదు. బాత్రూము మాత్రం కప్పుదాకా పోలేదు. 4 మీటర్ల ఎత్తు గదిలో రెండున్నర మీటర్ల పెట్టెలా నిలబెట్టాం, పైన ఖాళీ.

కప్పుదాకా పోయే గోడ కార్నీసుని తాకేచోట పని ఎలా జరిగిందో రాసి తీరాలి. మామూలుగా అయితే కార్నీసుని కోసి గోడని దూర్చేస్తారు. బాబాయ్ నిచ్చెన ఎక్కి, అట్టముక్కని కార్నీసు పక్కన నిలిపి, జేబులోంచి ఒక చిన్న చెక్కబిళ్ల తీశాడు. అందులో బెజ్జం, బెజ్జంలో పెన్సిలు. బిళ్ల అంచుని కార్నీసు ఒంపుల మీద ఆనించి మెల్లగా కిందికి జార్చాడు. గుబ్బ, పల్లం, అంచు, మళ్లీ గుబ్బ, అన్నీ అట్ట మీద గీతగా దిగాయి. కోసి పెట్టి చూశాడు. ఒకచోట కాగితం మందం వెలుతురు. మళ్లీ దిగాడు, బ్లేడుతో గీసాడు, ఎక్కాడు. నాలుగోసారికి వెలుతురు పోయింది. అప్పుడు గానీ బోర్డు ముట్టుకోలేదు. ఒక మూలకి పూట పట్టింది. అలాంటి మూలలు ఎనిమిది. కార్నీసు మీద ఒక్క గీత పడలేదు.

23వ వారం: మెట్లు

ఉన్నవి ఒకే మెట్లు, చెక్కవి. ఐదు కుటుంబాలూ బయటపడాల్సిన దారి అదే. నిప్పు గురించి రాత్రుళ్లు ఆలోచించినంత వేరే దేని గురించీ ఆలోచించలేదు.

లావు చెక్క అందరూ అనుకున్నంత త్వరగా కాలిపోదు. పైన బొగ్గు కడుతుంది, ఆ బొగ్గే లోపలికి అడ్డు. నిమిషానికి దాదాపు 0.7 మిల్లీమీటర్ల చొప్పున లోపలికి పోతుంది, అంటే గంటకి 4 సెంటీమీటర్లు. మెట్ల పక్కదూలాలు తట్టుకుంటాయి. మెట్ల పలకలు తట్టుకోవు, అందుకే అడుగున రెండు పొరల జిప్సం బోర్డు. జిప్సం బరువులో ఐదోవంతు నీరే, స్ఫటికాల్లో బంధించి ఉంటుంది. అదంతా ఆవిరయ్యేదాకా వెనకవైపు అంతగా వేడెక్కదు.

ఫ్లాటు తలుపుల బలహీనత చట్రంలో లేదు, మధ్య పలకల్లో ఉంది. అంచుల దగ్గర అవి వేలిమందం కూడా లేవు. లోపలివైపు పలకల వెనక అగ్నినిరోధక బోర్డు, అంచుల్లో వేడికి ఉబ్బే పట్టీ, పైన దానంతటదే మూసుకునే స్ప్రింగు. ఆ స్ప్రింగు చూసి ఇంటావిడ మొహం చిట్లించారు. దీనిలో బేరం లేదన్నాను.

ఎలక్ట్రీషియను ఐదు కరెంటు మీటర్లనీ మెట్ల కింద ఖాళీలో పెడతానన్నాడు. ఖాళీ ఉంది, అందంగా కూడా పడతాయి. కానీ ఇంట్లో నిప్పు రాజుకునే చోట్లలో ఒకటి తీసుకొచ్చి ఒక్కగానొక్క దారి కింద పెడతామా? బయట వెనకగోడ మీద పెట్టెలో పెట్టించాను.

27వ వారం

పలకలు నంబర్ల ప్రకారం పరిచాం. దూలాల మీద రబ్బరు పట్టీలు, వాటిమీద పలకలు, గోడకి తగలకుండా చుట్టూ వేలెడు సందు. ఇసుక మాటలని ఆపుతుంది గానీ అడుగుల చప్పుడుని ఆపలేదు, దానికి ఈ రబ్బరు. సాయంత్రం అందరూ వెళ్లాక మేస్త్రి గారిని పైన నడవమని నేను కింద నిలబడ్డాను. కాసేపు చూసి, "మేస్త్రి గారూ, మొదలుపెట్టండి" అని అరిచాను. మెట్ల దగ్గరికి వచ్చి తొంగిచూశారు. "ఇందాకట్నుంచీ తిరుగుతూనే ఉన్నాను మేడమ్."

తర్వాత కుర్చీ లాగించాం. అది వినిపించింది. ఒక మూల పలక గోడకి ఆనుకుని ఉంది, అంచు చిత్రిక పట్టించాలి.

41వ వారం

మెట్ల పగులు మీది గాజుముక్కలు. మూడిటిలో రెండు చెక్కుచెదరలేదు. కమాను దగ్గరది నిలువునా చీలింది. ఎప్పుడో తెలీదు, నేను చూసుకునేది నెలకోసారి. చీలిక సన్నం, రెండు సగాలూ పక్కకి జరగలేదు. పలకలు ఎత్తి దించినప్పటి కుదుపు అయ్యుండొచ్చని ఇంజనీరు అన్నాడు. అయ్యుండొచ్చు. పగులు సున్నపు గారతో నింపాల్సింది ఈ వారమే, ఆపించాను. ఐదిళ్ల సామాను బరువు ఇంకా ఈ గోడల మీద పడనేలేదు. పగిలిన ముక్క గీకేసి కొత్తది అతికించాం. తేదీ ఈసారి మేస్త్రి గారు రాశారు, పెన్సిలుతో కాదు, మేకుతో గీసి.